మునిగిపోయే హోటల్‌ని టీవీ వాళ్లు వారంలో నిలబెడతారంటే నమ్మొచ్చా? మా మామ హోటల్ కోసం అడుగుతున్నా

క్లాక్‌టవర్ దగ్గరోణ్ణి (నల్గొండ):

నెల రోజుల నుంచి రాత్రిళ్లు నిద్రపట్టక ఫోన్‌లో కిచెన్ నైట్‌మేర్స్ చూస్తున్నా. తెలియనోళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. గిరాకీ పోయిన హోటల్‌కి గోర్డన్ రామ్సే అనే పేరున్న బ్రిటన్ చెఫ్ వస్తాడు, నాలుగైదు ఐటమ్స్ తెప్పించుకుని ఒక్కో ముద్ద తిని ప్లేటు పక్కకు నెట్టేస్తాడు, రాత్రి గిరాకీ నడుస్తుంటే వంటింట్లో నిలబడి చూస్తాడు, ఫ్రిజ్ తెరిచి ముక్కు మూసుకుని ఓనర్‌ని నోటికొచ్చినట్టు తిడతాడు, ఆ తర్వాత మెనూ మార్చి, గోడలకు రంగులేయించి, కొత్త బోర్డు పెట్టించి, ఆఖర్న ఓనర్‌తో కళ్లనీళ్లు పెట్టించి వెళ్లిపోతాడు. అంతా కలిపి నలభై నిమిషాలు.

ఎందుకు అడుగుతున్నానంటే మా మేనమామకు ఇక్కడే హోటల్ ఉంది. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం మీల్స్, రాత్రికి బిర్యానీ, తందూరి, చైనీస్. పదకొండేళ్లు మంచిగనే నడిచింది. రెండేళ్ల నుంచి పడిపోయింది. మొన్న ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్తే పద్నాలుగు టేబుళ్లలో మూడే నిండి ఉన్నాయి, అందులో ఒకటి మాదే. మామ గల్లా మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఇదివరకు ఆయన ఆ టైముకు సప్లయర్ల మీద అరుస్తూ తిరిగేవాడు, అరుపులే బాగుండేవి అనిపించింది.

ఇప్పుడు మా అత్త ఏమంటోందంటే ఆరు లక్షలు అప్పు తెచ్చి లోపలంతా మార్చేద్దాం, ఏసీ పెడదాం, లైట్లు మారుద్దాం, జనం వాళ్లే వస్తారు అంటోంది. ఆ వీడియోలు ఆమెకు చూపించింది నేనే. తప్పు నాదే. అందుకే అడుగుతున్నా, అక్కడ చూపించేది ఎంతవరకు నిజం, ఆ హోటళ్లు తర్వాత నడిచాయా, మన దగ్గర అది పనికొస్తుందా? చూసినోళ్లు, హోటల్ నడిపినోళ్లు ఎవరైనా సరే చెప్పండి.

రాత్రి రెండింటి దాకా:

అన్నా, ముందు ఒకటి చెప్పు, నువ్వు చూసేది ఇంగ్లండ్‌దా అమెరికాదా? రెండూ ఒకటి కావు. అసలుది 2004లో ఇంగ్లండ్‌లో ఛానల్ 4లో మొదలైంది. అందులో రామ్సే తిట్టినా కూడా మధ్యమధ్యలో కూర్చుని లెక్కలు అడుగుతాడు, చుట్టుపక్కల ఏం దొరుకుతుందో చూసి చిన్న మెనూ రాయిస్తాడు. 2007లో ఫాక్స్ వాళ్లు అమెరికాకు పట్టుకుపోయాక మన టీవీ సీరియల్ లాగా అయిపోయింది, తలుపు తీస్తే ఢాం, ఎవరన్నా తల తిప్పితే ఢాం, అదే మొహాన్ని మూడుసార్లు చూపిస్తారు. నాకు ఇంగ్లండ్‌దే నచ్చుతుంది.

తర్వాత నడిచాయా అంటే, అమెరికా వాటిల్లో సగానికి పైనే మూతపడ్డాయి. ఇంగ్లండ్‌లో మొట్టమొదటి ఎపిసోడ్ సిల్స్‌డెన్ అనే ఊళ్లోని బోనపార్ట్స్‌ది, అదీ నిలబడలేదు. అక్కడ వంటవాడికి ఆమ్లెట్ కూడా సరిగ్గా రాదు, చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ ఎపిసోడ్‌లో సీన్లు కల్పించారని లండన్ పేపర్ ఈవినింగ్ స్టాండర్డ్ రాస్తే రామ్సే కోర్టుకెక్కి 2006లో 75 వేల పౌండ్ల పరిహారం తీసుకున్నాడు. కాబట్టి మొత్తం డ్రామా అని కొట్టిపారేయలేం. కానీ వారం రోజులు తీసింది నలభై నిమిషాలకు కోస్తే మిగిలేది ఏంటి, అరుపులే కదా, ఉల్లిగడ్డ తరగడం ఎవరు చూస్తారు.

ఇంకోటి, ఆమీస్ బేకింగ్ కంపెనీ ఎపిసోడ్ తప్పకుండా చూడు, 2013లో వచ్చింది, ఆరిజోనాలో స్కాట్స్‌డేల్ అనే చోట. అక్కడ పనిచేసే అమ్మాయిలకు కస్టమర్లు ఇచ్చిన టిప్పులు ఓనర్లే పెట్టుకునేవాళ్లు. ఒక్క మాట చెప్పనియ్యరు, చివరికి రామ్సేనే నా వల్ల కాదని మధ్యలో వెళ్లిపోయాడు. ప్రపంచమంతా దాని గురించే మాట్లాడుకుంది. 2015కల్లా మూసేశారు. అంటే పేరు రావడం వేరు, గిరాకీ రావడం వేరు.

మీ అత్తకు ఇంకో ముక్క కూడా చెప్పు. రామ్సేకే గ్లాస్గోలో అమరిల్లిస్ అని హోటల్ ఉండేది, మంచి వంటకు ఇచ్చే పెద్ద గుర్తింపు, మిషెలిన్ స్టార్ కూడా ఉంది దానికి. 2004 మొదట్లో మూసేసుకున్నాడు. అదే ఏడాది ఊరూరా తిరిగి వేరేవాళ్లకు హోటల్ ఎలా నడపాలో చెప్పడం మొదలుపెట్టాడు. తప్పేం లేదులే, దెబ్బ తిన్నోడికే తెలుస్తది.

ఉప్మా వ్యతిరేక సంఘం:

మన దగ్గర రామ్సే పని ఫుడ్ సేఫ్టీ వాళ్లే చేస్తున్నారు కదా. 2024లో హైదరాబాద్‌లో పెద్ద పెద్ద హోటళ్ల వంటిళ్లలోకి వెళ్లి ఫొటోలు తీసి ఎక్స్‌లో పెడుతుంటే మా ఇంట్లో అందరం సినిమా చూసినట్టు చూశాం. అదే ఏడాది అక్టోబర్ 30 నుంచి పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు బంద్ పెట్టారు. మా గల్లీలో షవర్మా బండి అతను ఆ వారం మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. రామ్సే అయితే తిట్టి ఆఖర్న కౌగిలించుకుంటాడు, వీళ్లు కౌగిలించుకోరు, అంతే తేడా.

సీరియస్‌గా చెప్పాలంటే నల్గొండలో హోటల్‌కి పోతే నేను ముందు చూసేది నీళ్లు. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయినోళ్లని చూసిన ఊరు మనది. జగ్గులో నీళ్లు ఎక్కడివి అని అడిగితే సప్లయర్ దిక్కులు చూశాడంటే లేచి వచ్చేస్తా, గోడకు ఏ రంగేస్తే నాకేంటి.

గల్లా మీద కూర్చున్నోణ్ణి (జడ్చర్ల):

తమ్ముడూ, నేను హోటల్ నడిపినోణ్ణి, మూసుకున్నోణ్ణి కూడా. ఆ షోలు చూస్తే నాకు నవ్వు రాదు. ఓనర్ ఫ్రిజ్ ముందు తలవంచుకుని నిలబడే సీను వస్తే ఫాస్ట్ ఫార్వర్డ్ కొడతా.

మాది బెంగళూరు హైవే మీద, 44 నంబర్ రోడ్డు. తొమ్మిదేళ్లు నడిచింది. మా ఎదురుగా డివైడర్‌లో చిన్న సందు ఉండేది, కర్నూలు వైపు నుంచి వచ్చే బండ్లు ఆ సందులోంచి తిరిగి మా దగ్గర ఆగేవి. యాక్సిడెంట్లు అవుతున్నాయని సందు మూసేశారు, అది సరైన పనే, నేను కాదనను. కానీ ఆ తర్వాత మా దగ్గరికి రావాలంటే కిలోమీటరున్నర ముందుకు పోయి యూటర్న్ తీసుకుని రావాలి. ఆకలిమీదున్నోడు కిలోమీటరున్నర వెనక్కి ఎందుకొస్తాడు, ముందు ఇంకో దాబా కనపడుతుంటే? నాకేమో ఆ సంగతి తట్టలేదు. వంట బాగాలేదనుకున్నా. మాస్టర్‌ని మార్చా. తర్వాత సరిగ్గా మీ అత్త చెప్పిందే చేశా, నాలుగు లక్షలు పెట్టి కుర్చీలు, సీలింగు, బయట పెద్ద లైటింగ్ బోర్డు. ఆ బోర్డు అవతలి రోడ్డు మీద పోయేవాళ్లకు చక్కగా కనపడేది. చూసుకుంటూ పోయేవాళ్లు.

ఇప్పుడు లెక్క చెప్తా, ఇది టీవీలో ఎవడూ చెప్పడు. కిరాయి 40 వేలు. ఇద్దరు మాస్టర్లు, ఒక్కొక్కరికి 28 వేలు. హెల్పర్లు, సప్లయర్లు, గిన్నెలు కడిగేవాళ్లు అందరూ కలిపి ఐదుగురు, తలా 12 వేలు. కరెంటు 15 వేలు. మొత్తం లక్షా 71 వేలు. నెలకు ముప్పై రోజులు వేసుకుంటే పొద్దున షట్టర్ ఎత్తి ఇంకా ఉల్లిగడ్డ కొయ్యకముందే 5,700 అయిపోయినట్టు. నూరు రూపాయల అమ్మకంలో సరుకుకు, గ్యాస్‌కు, పార్శిల్ డబ్బాలకు 55 పోతే నాకు 45 మిగిలేది. అంటే రోజుకు 12,700 దాకా అమ్మితేనే సున్నాకు సున్నా. మాది ఆఖరికి 8 వేలకు పడింది. రోజుకు రెండు వేల చిల్లర చేతినుంచి పెట్టుకుంటూ పద్నాలుగు నెలలు లాగా. ఎందుకు లాగావ్ అంటే మూసేస్తే ఊళ్లో ఏమనుకుంటారో అని. ఇంట్లో బంగారం పోయాక ఊళ్లో వాళ్లు ఏమీ అనుకోలేదు, నెల రోజుల్లో మర్చిపోయారు.

రాబర్ట్ ఇర్విన్ అని ఇంకొకాయన షో ఉంది, 2011లో మొదలైంది, రెండు రోజులు, 10 వేల డాలర్లు, అంతలోనే హోటల్ మొత్తం మార్చేస్తాడు. బాగుంటుంది చూడ్డానికి. కానీ ఆ పదివేలు ఆ ఓనర్ అప్పు తెచ్చిన పదివేలు కాదు తమ్ముడూ. మీ ఆరు లక్షలకు నూటికి రెండు రూపాయల మిత్తి వేసుకున్నా నెలకు 12 వేలు, అదిపోయి మళ్లీ ఆ రోజు ఖర్చులోనే కలుస్తది.

ముందు మామను అడుగు, ఆయన రోజు ఖర్చు ఎంతో ఆయనకు తెలుసా అని. తెలియదంటే ఏసీ మాట ఎత్తొద్దు.

కె-డ్రామా బ్యాచ్ (మహబూబ్‌నగర్):

ఎవరూ కొరియా షో గురించి చెప్పలేదేంటి? బేక్ జోంగ్‌వన్ అని ఒకాయన ఉంటాడు, ఆయన షో 2018 నుంచి 2021 దాకా అక్కడి ఎస్‌బీఎస్ టీవీ ఛానల్‌లో వచ్చింది. పెద్ద హోటళ్లు కాదు, గిరాకీ లేని గల్లీలు పట్టుకుని అందులోని చిన్న చిన్న షాపులకు పోతాడు. బండి సైజు వంటిళ్లు, భార్యాభర్తలే నడుపుకునేవి, అచ్చం మన న్యూటౌన్ టిఫిన్ సెంటర్ల లాగా ఉంటాయి, నాకైతే అందుకే రామ్సే కంటే దగ్గరగా అనిపిస్తది. ఆయన ముందు చేసేది మెనూ కొయ్యడం, నీకు చేతనైనవి రెండు మూడు ఉంచు, మిగిలినవి తీసెయ్ అంటాడు. కొంతమంది ఓనర్లు వింటారు, కొంతమంది కెమెరా పోగానే పాత ఐటమ్స్ మళ్లీ గోడమీద అంటిస్తారు. ఆయన మళ్లీ వచ్చి చూసి పట్టుకుంటాడు, ఆ ఎపిసోడ్లు భలే ఉంటాయి.

అందులో సియోల్‌లోని పోబాంగ్‌టో మార్కెట్లో పంది మాంసం కట్లెట్ షాపు ఒకటి ఉంది. టీవీలో వచ్చాక జనం ముందురోజు రాత్రి నుంచే వచ్చి లైను కట్టడం మొదలుపెట్టారు. రాత్రంతా మాటలు, సిగరెట్లు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు నిద్రల్లేవు, గొడవలు. చివరికి 2019లో ఆ షాపే అక్కడినుంచి ఎత్తేసి జేజు అనే దీవికి పోయింది. గిరాకీ లేక ఊరు విడిచినోళ్లను పాలమూరులో మస్తుమందిని చూశాం, గిరాకీ ఎక్కువై ఊరు విడిచినోళ్లని అక్కడే చూశా.

మాస్టర్ కొడుకుని (దేవరకొండ):

మా నాన్న ముప్పై ఏళ్లు హోటళ్లలో మాస్టర్‌గా చేశాడు, మిర్యాలగూడ, సూర్యాపేట, హైదరాబాద్, ఎక్కడ పడితే అక్కడ. నాకు ఆ షోలలో నచ్చని విషయం, వంటవాణ్ణి అందరి ముందు తిట్టడం. మన దగ్గర మాస్టర్‌ని రాత్రి ఎనిమిదింటికి తిడితే ఎనిమిదీ పావుకి ఏప్రాన్ మేకుకు తగిలించి పోతాడు, తెల్లారేసరికి పక్క హోటల్లో దోశ పోస్తుంటాడు. అంతకంటే అసలు మాట ఏంటంటే, ఫ్రిజ్‌లో నిన్నటి గ్రేవీ ఎందుకుంది? మాస్టర్ ఇంటికి తీసుకుపోవడానికి దాచుకున్నాడా? పారేస్తా సేఠ్ అంటే ఓనరే వద్దంటాడు. మా నాన్న పారబోసినందుకు జీతంలో కోసిన ఓనర్ కూడా ఉన్నాడు. కెమెరా ముందు మాత్రం తిట్లు మాస్టర్‌కి.

మెనూ కొయ్యమని అందరూ అంటున్నారు కదా, అది సగమే నిజం. లోపల సంగతి చెప్తా వినండి. ఏ హోటల్లో చూసినా స్టీలు గిన్నెల్లో మూడు గ్రేవీలు ఉంటాయి, టమాటా వేసిన ఎర్రది, జీడిపప్పు వేసిన తెల్లది, వేయించిన ఉల్లిగడ్డది. మెనూ కార్డులో ముప్పై కూరల పేర్లుంటాయి, అన్నీ ఆ మూడింట్లోంచే వస్తాయి. ఎర్రదాంట్లో వెన్న, పైన క్రీమ్ వేస్తే ఒక పేరు, అదే దాంట్లో క్యాప్సికం ముక్కలు వేస్తే ఇంకో పేరు. కాబట్టి పన్నీరు కూరలు పది ఉన్నవి నాలుగు చేస్తే మిగిలేది మెనూ కార్డు మీద ఇంకు, అంతే.

డబ్బులు పోయేది పొయ్యిల దగ్గర. తందూర్ భట్టికి సాయంత్రం ఆరింటికి బొగ్గు పెట్టాలి, రెండు రొట్టెలు అమ్మినా రెండొందలు అమ్మినా బొగ్గు అదే, మాస్టర్ జీతం అదే. చైనీస్‌కి వేరే మాస్టర్, వేరే బర్నర్, వేరే సాస్ డబ్బాలు. మీ మామ దగ్గర ఎన్ని పొయ్యిలు, ఒక్కో పొయ్యి మీద రోజుకు ఎంత వస్తుందో లెక్క తీయండి. బిల్లు పుస్తకాలు పారేయకుండా ఉంటే ఒక పూట పని.

క్లాక్‌టవర్ దగ్గరోణ్ణి (నల్గొండ):

అందరికీ థ్యాంక్స్, ఇంత రాస్తారనుకోలేదు. నిన్న సాయంత్రం నేను, మా మామ కూతురు కలిసి పది రోజుల బిల్లు పుస్తకాలు ముందేసుకున్నాం. కార్బన్ కాగితాలు, వేళ్లన్నీ నీలం. మెనూ కార్డు జిరాక్స్ తీసి ఒక్కో ఐటమ్ పక్కన గీతలు గీసుకుంటూ పోయాం. మెనూలో 118 ఐటమ్స్ ఉన్నాయి. పది రోజుల్లో ఒక్కసారి కూడా అమ్ముడుపోనివి 49.

నేను అనుకున్నది ఒకటి, వచ్చింది ఒకటి. గిరాకీ పడిపోయింది పడిపోయింది అంటున్నాం కదా, టిఫిన్ పడిపోలేదు. సగం కంటే ఎక్కువ డబ్బు పొద్దున ఏడు నుంచి పదకొండు లోపలే వస్తోంది. బస్టాండ్ దగ్గరే కాబట్టి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి పొద్దున దిగే జనం పెరిగారని సప్లయర్ అంటున్నాడు, ఆ ముక్క మామ ఎప్పుడూ అనలేదు, ఎందుకంటే ఆయన హోటల్‌కి వచ్చేదే పదకొండున్నరకి. రాత్రి రెండింటి దాకా ఉంటాడు, గిరాకీ లేని పూటంతా కాపలా కాసి గిరాకీ ఉన్న పూట ఇంట్లో పడుకుంటున్నాడు.

మాస్టర్ కొడుకు అన్నా, నువ్వు చెప్పిన భట్టి లెక్క వేశా. పది రోజుల్లో 143 రొట్టెలు. రోజుకు పద్నాలుగు. ఒక్కోటి 25 రూపాయలు, అంటే 350. తందూర్ మాస్టర్‌కి నెలకు 24 వేలు, రోజుకు 800, బొగ్గు ఇంకో 300. 350 కోసం 1,100. రొట్టెతో పాటు కూర కూడా తీసుకుంటారు కదా అని మామ అన్నాడు, నిజమే, అదీ కలిపి చూశాం, అయినా గట్టెక్కలేదు. కాగితం చూపిస్తే ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, భట్టి నేనే దగ్గరుండి కట్టించా, మట్టి మిర్యాలగూడ నుంచి తెప్పించా అన్నాడు.

ఫ్రిజ్ కూడా తెరిచాం, మేం రామ్సే లాగా అరవలేదు. పెద్ద డీప్ ఫ్రిజ్, లోపల గోడలకు వేలెడు మందాన ఐసు. పైన చికెన్ 65 కి కలిపి పెట్టిన ముక్కలు, నారింజ రంగు, డబ్బా మీద తేదీ లేదు. ఎప్పటివి అంటే మాస్టర్ మామ వైపు చూశాడు, మామ మాస్టర్ వైపు చూశాడు. దాని కింద పగిలిన పచ్చిబఠానీ ప్యాకెట్, బఠానీలన్నీ ఐసులో గోలీల్లా ఇరుక్కుపోయాయి. అన్నిటికంటే అడుగున ఒక కవర్లో వేయించిన నూడుల్స్ గడ్డకట్టి ఉన్నాయి. 65 ముక్కలు నేనే బయట పారేసి వచ్చా, ఎవరూ వద్దనలేదు.

అత్తకు జడ్చర్ల అన్న రాసింది మొత్తం చదివి వినిపించా. బంగారం ముక్క దగ్గర ఆగిపోయింది. ఏసీ మాట మళ్లీ ఎత్తలేదు, కానీ గోడలకు సున్నమైనా కొట్టించాలి కదరా అంటోంది, అది పర్లేదనుకుంటా.

గల్లా మీద కూర్చున్నోణ్ణి (జడ్చర్ల):

సున్నం కొట్టించండి, చేతులు కడిగే బేసిన్ దగ్గర టైల్స్ కూడా బాగుచేయించండి, అదంతా పది పదిహేను వేలల్లో అయిపోతది. భట్టి వెంటనే పగలగొట్టొద్దు, రెండు నెలలు వెలిగించకుండా చూడండి. తందూర్ మాస్టర్‌కి మాత్రం ముందే చెప్పండి, ఇంకో చోటు చూసుకునే టైమివ్వండి, ఒకటో తారీకు పిలిచి రేపటినుంచి రావద్దు అనకండి. నేను అలాగే అన్నా ఒకాయన్ని, ఇప్పటికీ ఎదురుపడితే తల తిప్పుకుంటా. ఇంతకీ మామ పొద్దున్నే వస్తున్నాడా?

క్లాక్‌టవర్ దగ్గరోణ్ణి (నల్గొండ):

ఇవాళ ఏడున్నరకు వచ్చాడన్నా. వచ్చి ఇడ్లీ తిని చట్నీ పల్చగా ఉందని అరిచాడంట, సప్లయర్ ఫోన్ చేసి మరీ చెప్పాడు.

49 ఐటమ్స్‌లో 48 కొట్టేయడానికి ఒప్పుకున్నాడు. తందూరి వాటికి వేరేగా, రెండు నెలలు ఆగి చూస్తా అన్నాడు. అమెరికన్ చాప్‌సీ మాత్రం తియ్యనంటున్నాడు, హోటల్ తెరిచిన రోజు నుంచి ఉంది, ఎవరో ఒకరు అడుగుతారు అంటాడు. పాత పుస్తకాలు కూడా తీయించి వెనక్కి పోయి చూశాం, ఆఖరుసారి ఎప్పుడు అమ్మారా అని. మార్చిలో ఒకటి ఉంది, పదమూడో నంబర్ టేబుల్. ఆ రోజు నా పుట్టినరోజు, తిన్నది నేనే, బిల్లు కూడా మామ తీసుకోలేదు.